ముందు బెంచీ విద్యార్థి

ఆసియా సంస్కృతి వారోత్సవాల చివరి రోజున, పరిశోధక విద్యార్థులకి పాఠం చెప్పడంలో శిక్షణ పెట్టారు. మేం పాఠం చెప్పాలి, ప్రొఫెసర్లు పిల్లల్లా బెంచీల మీద కూర్చుని వినాలి.

నా పాఠం మాస్కులు పెట్టుకుని ఆడే నాటకాల గురించి. చెక్క మాస్కు పెట్టుకుని, తల కాస్త వంచితే అదే ముఖం ఎలా ఏడుస్తుందో, ఎత్తితే ఎలా నవ్వుతుందో చూపించాను.

ముందు బెంచీలో ఉన్న పెద్ద ప్రొఫెసరుగారు చెంపకి చెయ్యి ఆనించుకుని, నోరు తెరుచుకుని విన్నారు. చెయ్యెత్తి మరీ ప్రశ్నలడిగారు. పరిశోధనలో చేరాక ఒక ప్రొఫెసరు నా మాట అంత శ్రద్ధగా వినడం అదే మొదలు.

పాఠం అయ్యాక మాస్కు తీసి బల్ల మీద పెట్టాను. ఆయన నా దగ్గరికి వచ్చారు.

"ఎంత బాగా చెప్పావమ్మా! ఇదంతా థీసిస్‌గా రాయకూడదూ?"

"రాస్తున్నానండీ. రెండు అధ్యాయాలు మా గైడుగారికి ఇచ్చాను కూడా."

"ఏమన్నాడు?"

"ఇంకా చదవలేదండీ. వాటి మీద టీ కప్పు పెట్టుకుంటున్నారు."

ఆయన ముఖం ఎర్రబడింది.

"ఛీ, అదేం మనిషమ్మా! అలాంటివాణ్ణి నమ్ముకుంటే నీ చదువు అటకెక్కినట్టే. వదిలేసి నా దగ్గరికి వచ్చెయ్. రేపు పొద్దున్నే ఆ అధ్యాయాలు నాకివ్వు, చదువుతాను."

"అలాగేనండీ" అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయన గదికి వెళ్లాను.

"రామ్మా, రా. ఏవీ అధ్యాయాలు?" అంటూ చెయ్యి చాపారు.

ఆయన బల్ల మీది టీ కప్పు పక్కకి జరిపి, దాని కింది కాగితాలు తీసి ఆయన చేతిలో పెట్టాను.