పాముచెవులు

పై ఇంటతన్ని అందరూ పాముచెవులు అనేవారు.

అతని గదిలో వైర్లన్నీ విప్పి కడితే రెండు ఊళ్ళ బట్టలు ఆరేసుకోవచ్చు. అవి చాలవని కొత్తగా ఒక డబ్బా కొన్నాడు.

“డిజిటల్ పాటలో టైమింగు తప్పుతుంది. సెకన్లో వందకోట్లో వంతు. ఇది సరిచేస్తుంది.”

“నువ్వు రోజూ ఆఫీసుకి అరగంట లేటు. దానికేమైనా డబ్బా ఉందా?” అంది భార్య.

“తేడా వినపడట్లేదూ?”

“లేదు. ఇంకొక్క మనిషికి వినపడిందంటే ఉంచుకో. లేదా ఆదివారం షాపులో తిరిగిచ్చెయ్.”

శనివారం దాకా ఒక్క మనిషీ దొరకలేదు.

మధ్యాహ్నం కింది వాటాలో కొత్తగా దిగిన పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు.

“మీ తువ్వాలు మా వరండాలో పడింది బాబూ.”

పాముచెవులు ఆయన్ని చెయ్యి పట్టి లాక్కెళ్ళి కూర్చోబెట్టాడు.

“ఒకటే పాట రెండుసార్లు పెడతా. ఏది బాగుందో చెప్పండి.”

పెద్దాయన కుర్చీ స్పీకర్ల వైపు నుంచి అతని వైపు తిప్పుకున్నాడు.

మొదటిసారి డబ్బా లేదు. రెండోసారి ఉంది. పాముచెవులు కళ్ళు అరమూతలు పడ్డాయి.

“రెండోది,” అన్నాడు పెద్దాయన.

వరస మార్చి మార్చి ఐదుసార్లు పెట్టాడు. ఐదూ కరెక్టే.

“టీ తాగుతారా బాబాయిగారూ?” భార్య వంటింట్లోంచి అడిగింది. జవాబు లేదు.

“పాటలో మునిగిపోయారు. నువ్వూ ఉన్నావు!” అన్నాడు పాముచెవులు.

డబ్బా ఉండిపోయింది. ప్రతి శనివారం పెద్దాయన రావడం, కుర్చీ తిప్పుకోవడం మామూలైంది.

ఓ శనివారం పాట అయ్యాక అన్నాడు, “ఇవాళ అదిరిపోయింది బాబూ!”

భార్య తాపీగా వైరు ఎత్తి చూపించింది. “డబ్బా ప్లగ్గు పొద్దున్నే పీకేశా. మిక్సీ పెట్టుకున్నా.”

పాముచెవులు మొహం మాడిపోయింది. తనూ అంతసేపూ కళ్ళు మూసుకునే ఉన్నాడు మరి.

పెద్దాయన మీదికి తిరిగాడు. “మీకసలు చెవులున్నాయా అండీ?”

పెద్దాయన నవ్వాడు. “లేవు బాబూ.”

లేచి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మళ్ళీ రాలేదు.

పాముచెవులు డబ్బా ప్లగ్గు పెట్టి విన్నాడు. తేడా తెలియలేదు. పీకేసి విన్నాడు. అదీ తెలియలేదు. ఎదురుగా కుర్చీ అతని వైపే తిరిగి ఉంది.

నాలుగో శనివారం కిందికి దిగాడు. ఇల్లంతా ఖాళీ. పెద్దాయన కూతురు చీపురుతో గది ఊడుస్తోంది.

“నాన్నగారు?”

“పొద్దున్నే సామాను బండిలో వెళ్ళిపోయారండీ. ఇల్లు మారుతున్నాం.”

“ఆయన్ని ఓ మాట అనేశాను. నంబరివ్వండి, ఫోన్ చేసి సారీ చెప్తా.”

ఆమె చీపురు ఆపి అతన్ని వింతగా చూసింది.

“ఫోనా? నాన్నకి పదేళ్ళుగా ఉరుమైనా వినపడదు కదండీ! ఎదురుగా ఉంటే పెదాలు చూసి మాట పోల్చుకుంటారంతే. శనివారం వస్తే చాలు, పై ఇంటబ్బాయి మొహంలో పాట ఎంత బాగా వినపడుతుందో అంటూ మెట్లెక్కేసేవారు.”