తగ్గని సీసం

"మళ్ళీ పెరిగింది!" డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితాన్ని బల్ల మీద టపీమని పడేసింది. "తగ్గాల్సింది పోయి పెరిగింది. అసలు మీరిద్దరూ ఇంట్లో ఏం చేస్తున్నారు?"

ఎదురుగా కూర్చున్న రేడియో మెకానిక్ తల దించుకున్నాడు. అతని ఒంట్లో సీసం చేరింది. కడుపునొప్పితో మొదలై ఇప్పుడు కుడి మణికట్టు దాకా వచ్చింది. గ్లాసు ఎత్తితే సగం నీళ్ళు చొక్కా మీదే పడుతున్నాయి. ఆ చెయ్యి కాస్తా పడిపోతే అతనికి చేతనైన ఇంకో పని లేదు.

"నన్నడుగుతారేంటండీ, ఈయన్ని అడగండి," అంది పక్కనున్న భార్య. "నేను చెయ్యనిదేముంది? పాత గిన్నెలన్నీ పారేశాను. పళ్ళపొడి మార్చాను. కుళాయి మార్పించాను. కిటికీలకున్న పాత రంగంతా చాకుతో గీకేశాను."

"గీకేశారా? గీకమని ఎవరు చెప్పారమ్మా! ఆ రంగు పొడి ఇల్లంతా రేగితే ఇంకా ప్రమాదం."

"అప్పుడు ఈయన ఇంట్లో లేరులెండి."

"మీరున్నారు కదా!"

భార్య నాలిక్కరుచుకుంది. ఆవిడకీ రక్తపరీక్ష రాసి, డాక్టరమ్మ నుదురు నొక్కుకుంటూ మెకానిక్ వైపు తిరిగింది.

"తీగలు అతికే టంకంలో ఉండేది సీసమేనని మొదటిరోజే చెప్పాను. పొగ ముఖానికి కొట్టకుండా ఫ్యాను పెట్టారా?"

"పెట్టానమ్మా. పొగంతా కిటికీలోంచి బయటికే పోతోంది."

"కొట్లో ఏమైనా తింటున్నారా?"

"మంచినీళ్ళు కూడా ముట్టట్లేదు. సబ్బుతో చేతులు రుద్దుకుని, పని చొక్కా అక్కడే విప్పేసి, ఇంటికెళ్ళే తింటున్నా."

"సిగరెట్లు?"

ఆ మాటకి మెకానిక్ ముఖం వెలిగిపోయింది. "ముట్టుకుంటే ఒట్టమ్మా! మీరు తిట్టిన రోజే మానేశా."

"అది మాత్రం నిజమండీ," అంది భార్య. "పెళ్ళైనప్పట్నించీ నేను మొత్తుకున్నా చెవిన పెట్టని మనిషి, మీ ఒక్క మాటకి మానేశారు. రోజూ వాసన చూస్తూనే ఉన్నా."

డాక్టరమ్మకి ఒళ్ళు మండింది. అన్నిటికీ బుద్ధిగా తలూపి, ఆస్పత్రి గేటు దాటకుండానే సిగరెట్టు ముట్టించేవాళ్ళని ఆవిడ చాలామందిని చూసింది. మాట విననివాడికి జబ్బు తగ్గకపోతే నాలుగు చీవాట్లు పెట్టి ఊరుకోవచ్చు. విన్నవాణ్ణి ఏమని తిట్టాలి?

"సీసం ఆకాశంలోంచి ఊడిపడదు," అంది చివరికి. "ఎక్కణ్ణించో లోపలికి పోతోంది. ఇలాగే పెరిగితే ఆ చెయ్యి నా వల్ల కాదు. కొట్టు మూసెయ్యాల్సిందే."

"కొట్టు మూసేసి ఏం తినాలమ్మా?" అన్నాడు మెకానిక్ నెమ్మదిగా.

అప్పటిదాకా గలగలలాడిన భార్య గొంతు కూడా మెత్తబడింది. "మందులైనా గట్టివి రాయండి, డాక్టరుగారూ."

"నేనిటు తోడుతుంటే ఈయనటు పోసుకుంటుంటే ఏ మందు పనిచేస్తుందమ్మా?"

మధ్యాహ్నం భోజనం ముందు కూర్చున్నా డాక్టరమ్మకి అదే ధ్యాస. సగంలోనే లేచింది. చెయ్యి కడిగేసుకుని, వెనక వీధిలోనే ఉన్న అతని కొట్టుకి బయల్దేరింది. కబురు పెట్టి వెళితే అన్నీ సర్దేసి కూర్చుంటాడు. చెప్పాపెట్టకుండా వెళ్ళి దొంగని పట్టుకోవాలి.

తీరా వెళితే అక్కడ దొంగతనం లేదు. కిటికీలో ఫ్యాను గిర్రున తిరుగుతోంది. కుళాయి పక్కన సబ్బు అరిగి బిళ్ళయింది. ఇంటికి వేసుకెళ్ళే చొక్కా విడిగా, గుమ్మం అవతల మేకుకి వేలాడుతోంది. ఎక్కడా ఒక్క తిండి మెతుకు లేదు. అనుమానం కొద్దీ బల్ల మీది యాష్‌ట్రేలోకి తొంగి చూసింది. దాన్నిండా మరలున్నాయి. తప్పు పట్టుకుందామని వచ్చిన మనిషికి తప్పు దొరక్కపోతే ఎలా ఉంటుంది? డాక్టరమ్మకి చిరాకు నెత్తికెక్కింది.

మెకానిక్ అటు తిరిగి, మూత తీసిన రేడియో మీదకి వంగి టంకం వేస్తున్నాడు. కుడిచెయ్యి వణక్కుండా ఎడమచేత్తో పట్టుకున్నాడు. అది చూసేసరికి ఆవిడకి జాలి కూడా వేసింది.

"నేనే, డాక్టర్ని. నొప్పెలా ఉంది?"

"ఊఁ," అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

"పొద్దున ఇచ్చిన మాత్ర వేసుకున్నారా?"

"ఊఁ ఊఁ."

"ఏమిటా మూలుగు? నోరు తెరిచి చెప్పలేరా?"

మెకానిక్ గబుక్కున లేచి ఇటు తిరిగాడు. అతని పెదవుల మూల నుంచి వేలెడంత వెండిరంగు తీగ బయటికి పొడుచుకొచ్చి ఉంది. నోట్లోంచి తీస్తే, లోపలి కొస నమిలి నమిలి చదునైపోయింది.

"అదేంటది?"

"టంకం తీగ ముక్కమ్మా."

"టంకమా! ఓరి దేవుడా, ఇన్నాళ్ళూ నేను మొత్తుకున్నదేమిటి? దాన్లోనే కదా సీసం ఉంది!"

"పొగ పీల్చొద్దన్నారు, పీల్చట్లేదు. చేతులు కడుక్కోమన్నారు, తోలు ఊడేలా కడుక్కుంటున్నా," అన్నాడు మెకానిక్ బిక్కమొహంతో.

"మరి దాన్ని నోట్లో పెట్టుకోవడమేంటయ్యా? ఏ బుద్ధిలేనివాళ్ళు చెప్పారు నీకు?"

మెకానిక్ ఆవిడ వైపు అయోమయంగా చూశాడు.

"మీరే కదమ్మా! సిగరెట్టు మీదికి మనసు పోయినప్పుడల్లా చేతికందింది ఏదో ఒకటి నోట్లో వేసుకుని నములుతూ ఉండమన్నారు."