ఏ దిక్కు చూస్తోంది ఈ లాకర్

"దక్షిణం," అన్నాడు కనకరాజు, దిక్సూచిని కూతురి లాకర్ తలుపుకు ఆనించి పట్టుకుని. "నీ లెక్కల మార్కులు ఎందుకు పడిపోయాయో ఇప్పుడు తెలిసింది. ఇది వద్దు. మార్చేద్దాం."

హర్షిణి లాకర్‌కు అడ్డంగా నిలబడింది. "మార్చను నాన్నా. సోమవారం పోటీ."

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల టోకు వ్యాపారం చేసే కనకరాజుకు ఆ పోటీ సంగతి తెలియదు. పేరెంట్స్ మీటింగుకని శనివారం పూట కొట్టు గుమస్తాకి వదిలేసి వచ్చాడు. కూతురే చెప్పింది. తొమ్మిదో తరగతి పిల్లలు ఎవరి లాకర్‌ని వాళ్లు అలంకరించుకోవాలట. బయట గీత కూడా గీయకూడదు, ఏం చేసినా లోపలే. ప్రిన్సిపాల్ మేడమ్ చూసి ఎవరిది బాగుందంటే వాళ్ల చేతికే వార్షికోత్సవం స్టేజీ అలంకరణ అప్పగిస్తారట. ఆ స్టేజీ మీద హర్షిణి ఆరో తరగతి నుంచీ కన్నేసింది.

అందుకే దసరా సెలవులన్నీ ఆ లాకర్‌కే ఖర్చయ్యాయి. అడుగున ఏలూరు తివాచీ ముక్క అంటించింది. వెనక రేకు మీద నీలం రంగు కొల్లేరు, అంచుల్లో నిజం జమ్ము పుల్లలు. అర అంచున, మట్టితో చేసి రంగులేసిన గూడబాతులు బారుగా కూర్చున్నాయి. కనకరాజు లెక్కలో అదంతా వృథా. బాతులే కావాలంటే ఆటపాక పక్షుల కేంద్రానికి తీసుకెళ్లి చూపించేవాడు.

పైగా ఈ పని ఇంటి నుంచి వచ్చిన ఆర్డరు. పిల్ల పుస్తకాలు ఏ దిక్కు చూస్తున్నాయని సిద్ధాంతి గారు అడిగారట. సూది కనిపించేలా ఫొటో తీసి పంపమని అతని తల్లి వెంకటనరసమ్మ పొద్దున్నే దిక్సూచి చేతికిచ్చి మరీ పంపింది. ఆ మాట కొట్టెయ్యడానికి లేదు. ఇంట్లో బీరువా ఉత్తరం చూస్తోందని ఆ సిద్ధాంతి గారే ఒకప్పుడు దిక్సూచి పెట్టి తేల్చారు. తన కొట్టు ఇన్నాళ్లూ నిలబడింది ఆ బీరువా వల్లేనని కనకరాజు నమ్మకం.

ఎదుటి వరసలో తెరిచి ఉన్న లాకర్ హర్షిణి క్లాస్‌మేట్ నిస్సీది. లోపల పుస్తకాలు, టిఫిన్ బాక్సు, గొడుగు తప్ప ఇంకేమీ లేవు. ఇది దక్షిణం చూస్తే అది ఉత్తరం చూడాలి. కనకరాజు ఆ పిల్లను పిలిచి, మార్చుకుంటావా అని అడిగాడు.

నిస్సీ హర్షిణి లాకర్ వైపు ఒకసారి చూసింది. "మార్చుకుంటానండీ అంకుల్. కాకపోతే ఎలా ఉన్నది అలాగే ఇవ్వాలండీ. లోపలివి పీకకూడదు."

"కుప్ప మొత్తం ఒకే బేరమా?"

"అంతేనండీ. ఏరుకోవడాలు లేవు."

ఈ పిల్లని కొట్లో కూర్చోబెట్టినా నెగ్గుకొస్తుంది అనుకున్నాడు కనకరాజు. అతనికి ఇందులో రెండు లాభాలు కనిపించాయి. దిక్కు మారుతుంది, బాతుల పిచ్చీ వదులుతుంది. సరేనన్నాడు.

"దీనికి మామిడాకులు గుచ్చడం కూడా రాదు నాన్నా," అంది హర్షిణి, కళ్లు తుడుచుకుంటూ. "రేపు స్టేజీ ఇది కడుతుందా?"

"నేర్చుకుంటాలే," అంది నిస్సీ.

హర్షిణి తలుపు తీసింది. పుస్తకాలు దించడానికి రెండు చేతులూ కావాలి కాబట్టి కనకరాజు దిక్సూచిని అలాగే అర అంచున పెట్టాడు. పుస్తకాలు నిస్సీ చేతిలో పెట్టి దిక్సూచి తీసుకోబోయి ఆగిపోయాడు. సూది ఉత్తరం చూపిస్తోంది. బయటికి తీసి తలుపు దగ్గర పట్టుకున్నాడు. దక్షిణం. మళ్లీ అర మీద పెట్టాడు. ఉత్తరం. ఒకే బస్తా ఒకే కాటా మీద రెండు తూకాలు తూగినట్టుంది అతనికి.

"ఇదేంటమ్మా ఇలా తిరుగుతోంది?"

జవాబు నిస్సీ చెప్పింది. "బాతులు పడిపోకుండా కింద అయస్కాంతాలున్నాయండీ. వాటి దగ్గరికి వస్తే సూది అటు లాగేస్తుంది. అసలు దిక్కు దక్షిణమేనండీ. మీ బేరానికి ఢోకా లేదు."

ఇంతలో ఫోన్ మోగింది. సిద్ధాంతి గారు వచ్చి కూర్చున్నారు, ఫొటో ఏదిరా అని వెంకటనరసమ్మ కేకేసింది. పంపుతున్నానమ్మా అని పెట్టేశాడు కనకరాజు.

కూతురి మొహం చూశాడు. బాతుల్ని చూశాడు. సిద్ధాంతి గారికి కావలసింది సూది. అమ్మకి కావలసింది సిద్ధాంతి గారి మాట. పిల్లకి కావలసింది బాతులు. ముగ్గురు ఖాతాదార్లు, ఒక్క ఫొటోతో సరిపెట్టొచ్చు.

"నిస్సీ, బేరం రద్దమ్మా."

"మాటిచ్చారు కదండీ అంకుల్."

"సరుకు సరిగా చూడకుండా ఇచ్చాను."

నిస్సీ మూతి ముడిచింది. గెలిస్తే స్టేజీ పనిలో తనని కలుపుకుంటానని హర్షిణి ఒప్పుకున్నాకే పుస్తకాలు తిరిగి ఇచ్చింది.

"ఆ చివరి బాతుని కాస్త కుడికి జరుపమ్మా," అన్నాడు కనకరాజు. సూది వణికి, సరిగ్గా ఉత్తరం మీద నిలబడింది. ఫొటో తీసి పంపించాడు. తల్లితో అబద్ధమాడి నెగ్గిన రోజు అతని జీవితంలో లేదు.

కాసేపటికి వాయిస్ మెసేజ్ వచ్చింది. పిల్లలిద్దరూ చెవులొగ్గి నిలబడ్డారు.

"ఉత్తరమేనని సిద్ధాంతి గారు ఒప్పుకుని వెళ్లిపోయారు," అంది వెంకటనరసమ్మ గొంతు. "ఇంకోసారి ఫొటోలో బాతు ముక్కు పడకుండా చూసుకోరా. ఆ రోజుల్లో బీరువా దిక్కు చూసినప్పుడు, నేనైతే రేడియో అయస్కాంతాన్ని పట్టుచీర మడతలో దాచాను."