నవ్వు మీద నిషేధం ఎత్తివేత

అరుదైన జన్యు నాడీవ్యాధి ఉన్న పిల్లల తల్లిదండ్రుల సంఘం తొలి సమావేశానికి రెండు కుటుంబాలు హాజరయ్యాయి. అధ్యక్షురాలు ఒక జోకుతో సభను ప్రారంభించబోగా, కూతురిని ఎత్తుకొచ్చిన తండ్రి తీవ్ర అభ్యంతరం తెలిపాడు.

"జోకులొద్దమ్మా. మా ఇంట్లో నవ్వు బంద్."

"ఏం అన్నయ్యగారూ, నవ్వితే జరిమానా వేస్తారా?"

"నవ్వొస్తే పాప ఒళ్లంతా పట్టు తప్పి కూలిపోతుంది. ఈ జబ్బు సంగతి మీకు తెలీనిదా?"

"మావాడూ అంతే. మరి కుర్చీలు తీసేసి పరుపులెందుకు పరిచాననుకున్నారు? దించండి పాపని."

తండ్రి దించాడు. కాసేపు తటపటాయించి, తన మేనేజరు విగ్గు ఫ్యాను రెక్కకు చిక్కిన ఉదంతాన్ని సభకు సవివరంగా నివేదించాడు.

పిల్లలిద్దరూ పకపకా నవ్వి, పక్కపక్కనే కూలబడ్డారు. సభ ఆ పతనాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది.

ఒంట్లోకి పట్టు తిరిగి రాగానే పాప అడిగింది:

"నాన్నా, నీకు జోకులు కూడా వచ్చా?"