చార్జి నిలవని బ్యాటరీ

కెమెరా మళ్లీ కన్ను మూసింది. ఎదురుగా సంజీవప్ప వేరుశనగ చేలో మోటారు నీళ్లు కక్కుతూనే ఉంది.

భాగీరథమ్మ పళ్లు బిగబట్టింది. ఊరి తాగునీటి కోసం మంజూరైన బోరు అది. సంజీవప్ప దాన్ని తన చేలో వేయించుకున్నాడు. పైగా, తన చేలో బోరే లేదని ప్రమాణం చేసి చెప్పాడు. రేపే పావగడలో విచారణ. ఆడవాళ్ల నోటిమాట చాలదని అధికారి ముందే అనేశాడు. పారుతున్న నీటిని కళ్లకు చూపించకపోతే అర్జీ కొట్టివేస్తారు. ఊరంతా మళ్లీ గుట్ట దాటి బిందెలు మోయవలసిందే.

అందుకే తుమకూరులోని మహిళా సంఘం ఆమెకు వీడియో కెమెరా ఇచ్చి పంపింది. తొంభై ఎనిమిదిలో కొన్నది. కొత్తరకం లిథియం బ్యాటరీ. తుమకూరులో గంటసేపు నడిచింది. ఈ ఊరికి వచ్చాక, పెట్టిన చార్జి పెట్టినట్టే పోతోంది.

ఆమె ఒక్కొక్క కారణమే తరచి చూసుకుంది. కింద పడలేదు. తడి తగలలేదు. వేరే చార్జరు వాడలేదు. రాత్రి కరెంటు వచ్చినప్పుడు ఎక్కించి, నిండగానే తీసేసింది. ఎండ సోకకుండా, తాను దిగిన కెంచమ్మ ఇంటి గోడగూట్లో దాచింది. పొద్దున్నే సాక్షుల కోసం ఇల్లిల్లూ తిరిగి, మోటార్లకు కరెంటిచ్చే వేళకు వచ్చి తీసుకుంది. చేతికి వేడిగా తగిలింది. ఆ మే నెలలో ఆ ఊళ్లో కుండలో నీళ్లు కూడా వేడిగానే ఉన్నాయి.

గట్టు మీద సంజీవప్ప జీతగాడు కొల్లప్ప నవ్వాడు.

"ఏమ్మా, నీ పెట్టెకు గూడా కరువొచ్చిందా?"

"నిన్న కెంచమ్మ ఇంటికాడికి వచ్చింది నువ్వే గదా? బ్యాటరీని ఏం చేసినావు?"

"బీడీకి నిప్పు అడిగినా. ముసిల్ది వాకిట్లోనే ఇచ్చి పొమ్మనె. నీ పెట్టె మొగం గూడా నేను చూడలేదు."

ఆమె నమ్మలేదు. అర్జీలో సంజీవప్ప పేరు కింద కొల్లప్ప పేరూ చేర్చాలని నిశ్చయించుకుంది. అన్యాయం చేసినవాడికంటే, కూలి కోసం దానికి కాపు కాసేవాడి మీదే ఆమెకు ఎక్కువ కోపం.

ఇంటికి వచ్చి బ్యాటరీని బలవంతంగా పెరికితే గానీ ఊడిరాలేదు. పొట్ట ఉబ్బి ఇరుక్కుపోయి ఉంది. ఇక దానితో పని లేదు.

కెంచమ్మ అరుగు మీద రేడియో వింటోంది. పొద్దున మూలిగిన రేడియో ఇప్పుడు గొంతు విప్పి పాడుతోంది. ముసలమ్మ కోడలు నీళ్లకు పోయి గుట్టదారిలో పడి, నడుము విరిగి మంచాన ఉంది. ఆ వీడియో కోసం కెంచమ్మ మొక్కని దేవుడు లేడు. కెమెరా ఆగినప్పుడల్లా "దిగులు పడొద్దు తల్లీ, రేపటికి బలమొస్తాదిలే" అని ధైర్యం చెప్పింది కూడా ఆమే.

భాగీరథమ్మ ఉబ్బిన బ్యాటరీని చూపించింది.

"దీన్ని ఎవురో పాడు చేసినారవ్వా. కొల్లప్ప ఇంట్లోకి వచ్చినాడా? నిజం చెప్పు."

"వాడు గడప తొక్కితే కాళ్లు ఇరగ్గొట్టనా?"

కెంచమ్మ రేడియో కట్టేసింది. బ్యాటరీని చేతిలోకి తీసుకుని, రెండు వైపులా తిప్పి చూసి, నిట్టూర్చింది.

"నువ్వు అట్ల పోతానే దినామూ నా రేడియో సెల్లులతోపాటు దీన్ని గూడా మిద్దె మీద నడిఎండలో పెట్టి, నువ్వొచ్చేలోపల మళ్లా గూట్లో పెడతానే ఉండా గదా తల్లీ, వాటికెక్కిన బలం దీనికెందుకు ఎక్కలేదో."