అందరికీ తెలిసిన జొన్న

"ఈ వాక్యం తీసేయ్," అన్నాడు శ్రీకాంత్, ఎర్ర పెన్ను మూత తీస్తూ.

కావ్య కదల్లేదు. నంద్యాల కాలేజీలో ఆయన ఆమెకు గైడు. నాటు విత్తనాల మీద ఆమె రాసిన థీసిస్‌కు ఆయన సంతకం ఈ రోజే కావాలి. సాయంత్రం దాటితే మళ్ళీ ఏడాది ఆగాలి.

ఆయన వేలు పెట్టిన వాక్యం చిన్నదే. 'నారాయణ జొన్నకు మొదటి కంకి ఏరింది శిరివెళ్ల కూలీ బాలమ్మ.'

"ఆళ్లగడ్డలో ఎవురినన్నా అడుగు. వానల్లేని ఏడు చేనంతా ఎండిపోతే, నిలబడిన ఒక్క కంకిని ఏరి విత్తనం చేసింది మా నాయన నారాయణ. అందుకే జనం ఆయన పేరు పెట్టుకున్నారు. అందరికీ తెలిసిందానికి ఫుట్‌నోట్ గూడా అక్కర్లేదు."

"అందరికీ తెలుసు అనే కాడనే ఆగి, ఒకరినన్నా అడగమని మీరే చెప్పినారు గదా సార్."

తాను చెప్పిన పాఠం తనకే ఎదురొస్తే ఏ మాస్టారికైనా కాస్త మండుతుంది. శ్రీకాంత్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"అడిగినావా? ఎవురిని? ఫుట్‌నోట్‌లో పేరు యాడుంది?"

"చెప్పిన మనిషి పేరు రాయొద్దన్నాడు సార్."

"పేరు లేని ఆధారం ఆధారమే కాదు. ఆ బాలమ్మ నీకేమైతాది?"

"ఏమీ కాదు. ఆమెను నేను చూడను గూడా లేదు. సచ్చిపోయి చానా ఏండ్లాయ."

"మరి ఆమె కోసం ఏడాది పోగొట్టుకుంటావా?" అంటూ పెన్ను ఆమె ముందుకు జరిపాడు.

కావ్యకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకో ఏడాది అంటే ఇంట్లో ఏమంటారో ఆమెకు తెలుసు. అయినా పెన్ను అందుకోలేదు. "తీసేయలేను సార్. తెలిసి తెలిసి అబద్ధం రాసినట్లయితాది."

శ్రీకాంత్ చెడ్డవాడు కాదు. ఆళ్లగడ్డ బస్టాండులో దిగితే ఇప్పటికీ ఆయన్ను లెక్చరర్ అనరు, జొన్న నారాయణ కొడుకు అంటారు. ఆ మాటంటే ఆయనకు ప్రాణం. తండ్రి పేరున్న చోట మరొకరి పేరు చూసేసరికి గుండె కలుక్కుమంది, అంతే.

"మధ్యలో మనకెందుకీ వాదన? మా నాయన్నే అడుగుదాం," అని ఫోను తీశాడు.

"వద్దు సార్," అంది కావ్య గబుక్కున. ఆమె ముఖం పాలిపోయింది. పిల్ల దొరికిపోయిందనుకున్నాడు శ్రీకాంత్. స్పీకర్ పెట్టి ఫోను బల్ల మీద ఉంచాడు.

ఆళ్లగడ్డ నుంచి నారాయణ గొంతు ఖంగున పలికింది. "ఏందిరా శ్రీకాంతూ, ఈ పొద్దు కాలేజీ లేదా?"

"కాలేజీలోనే ఉండా నాయనా. మన జొన్నకు మొదటి కంకి ఏరింది కూలికొచ్చిన బాలమ్మ అని ఈడ ఒక పిల్ల రాసింది. ఎవురు చెప్పినారంటే నోరు తెరవదు."

అవతల గొంతు తగ్గింది.

"కావ్యనేనా?" అన్నాడు నారాయణ.

"నీకెట్ల తెలుసు?"

"నా పేరు బయట పెట్టొద్దని ఒట్టు పెట్టిచ్చుకున్యా. మాట నిలబెట్టుకునింది పాపం. ఇంగ ఫుట్‌నోట్‌లో నా పేరు రాసుకోమను."

శ్రీకాంత్ కావ్య వైపు చూశాడు. ఆమె తల వంచుకుని ఉంది.

"ఇన్నేండ్లు మాకెవురికీ ఎందుకు చెప్పలేదు నాయనా?"

"మీకందరికీ తెలుసు గదరా. తెలీదని అడిగింది ఆ పిల్ల ఒక్కతే."