మృతుడితో సంబంధం

కాంట్రాక్టరు బాఫో చివరికి వడ్రంగి దుకాణంలో దొరికాడు. శవపేటిక మూతను అరచేత్తో తడిమి చూస్తూ, చేతికి తగిలిన పేళ్లు ఒక్కొక్కటే పీకుతున్నాడు.

బీమా ఆఫీసు నుంచి వచ్చిన ఫుసేని గుమ్మంలోనే ఆగిపోయాడు. అతనిది ఉత్తరాన ఉన్న తమాలే పట్టణం. కుమాసికి బదిలీపై వచ్చి నెల కూడా కాలేదు. ఎందరో కాంట్రాక్టర్లను చూశాడు గాని, పనివాడి పెట్టె కోసం ఇంత తాపత్రయపడేవాణ్ణి ఎన్నడూ చూడలేదు.

"ఇంకో అంగుళం పెంచు. కాళ్లు ముడుచుకోకూడదు వాడు," అంటున్నాడు బాఫో.

ఫుసేని కాగితాలు తీశాడు. శ్లాబు కూలి తాపీమేస్త్రీ సార్పాంగ్ చనిపోయాడు. భార్య, చంటిబిడ్డ ఉన్నారు. బాఫో కట్టిన బీమా వస్తేనే వాళ్లకు బతుకుతెరువు. బీమా కాగితాల్లో ఇవ్వడానికి ఒక గడి ఉంటే, ఎగ్గొట్టడానికి పది గడులుంటాయి.

"తాగి ఉన్నాడా?" అడిగాడు ఫుసేని. కాంట్రాక్టర్లందరూ అవుననే చెప్తారు.

"చుక్క ముట్టడు. శ్లాబు గట్టిపడకముందే కింది కర్రలు తీయమన్నది నేనే. తప్పు నాదేనని రాసుకో బాబూ."

"మీ లైసెన్సు పోతుందండీ!"

"పోనీ."

ఫుసేని ఆఖరి గడి దగ్గర ఆగాడు. "అడగక తప్పదు, ఏమనుకోకండి. కాంట్రాక్టరు సొంతవాళ్లకు ఈ బీమా రాదు. అతను మీకేమవుతాడు?"

వడ్రంగి చిత్రిక పట్టడం ఆపేశాడు.

"ఏమీ కాడు," అన్నాడు బాఫో. "వాడిది అసోనా వంశం. నాది ఒయొకో. ఊళ్లో ఎవరినైనా అడుగు."

ఫుసేని 'సంబంధం లేదు' అని రాసి సంతకం చేశాడు.

శనివారం అంత్యక్రియలకు వెళ్లాడు. అయినవాళ్లంతా ఎర్రబట్టల్లో పెట్టె చుట్టూ కూర్చున్నారు. బాఫో పరాయివాళ్లలా నల్లబట్ట చుట్టుకుని ఎక్కడో వెనక, అరటిచెట్ల దగ్గర నిలబడ్డాడు. చంటిబిడ్డ ఏడ్చినప్పుడు ఒక్కడుగు ముందుకు వేసి, మళ్లీ వెనక్కి తగ్గాడు.

"దొడ్డ మనిషమ్మా," అన్నాడు ఫుసేని పక్కనున్న ముసలమ్మతో. "పనివాడి కోసం పెట్టె కూడా తనే కొన్నాడు."

ముసలమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. ఈ ఊరివాడు కాదని తెలిసిపోయినట్టుంది. చెంగుతో కళ్లొత్తుకుంది.

"మాలో బిడ్డకు వచ్చేది తల్లి వంశమే అయినా, పెట్టె కొనాల్సింది మాత్రం కన్నతండ్రే కదా నాయనా!"